డిస్పర్షన్ ఎంత ఉండాలి? గాజు పోగు ఎంపిక వెనుక లెక్కలు

తిరుపతి నుంచి చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు మీదుగా చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. టెలికాం లెక్కల్లో ఇది చిత్రమైన దూరం. ఈ దారి వెంట పూడ్చిన మామూలు ఆప్టికల్ ఫైబర్ మీద సెకనుకు 2.5 గిగాబిట్ల సంకేతాన్ని పంపితే అది చిత్తూరుకు నిక్షేపంగా చేరుతుంది. అదే ఫైబర్ మీద 10 గిగాబిట్లు పంపితే చేరీ చేరనట్టుగా ఉంటుంది. పాత పద్ధతిలోనే 40 గిగాబిట్లు పంపితే చంద్రగిరి కూడా దాటదు. మూడు సందర్భాల్లోనూ వెలుతురు కోల్పోయే బలం ఒక్కటే. పల్సుల ఆకారం చెదిరే తీరులోనే తేడా ఉంది. పాఠ్యపుస్తకాలు విక్షేపణం అనీ, టెలికాం వాళ్ళు డిస్పర్షన్ అనీ పిలిచేది ఈ చెదిరిపోవడాన్నే.

డిస్పర్షన్ ఇంత ఇబ్బంది పెడుతున్నప్పుడు అది తక్కువగా ఉన్న ఫైబరే మేలని, అసలు లేకుండా చేయగలిగితే మరీ మేలని ఎవరికైనా తోస్తుంది. పరిశ్రమకు కూడా 1980లలో అలాగే తోచింది. సున్నా డిస్పర్షన్ ఫైబర్‌ను తయారుచేసి, కొన్ని దేశాల్లో పెద్దయెత్తున పూడ్చి, పదిహేనేళ్ళు తిరక్కముందే తల పట్టుకుంది. కావలసింది సున్నా కాదని, తగినంత డిస్పర్షన్ తగిన చోట ఉండడమని అప్పుడు తేలింది. ఆ తగినంత ఎంత అన్నది నగరాల మధ్య చిన్న దూరాలకు ఒకలా, రాష్ట్రాలు దాటే దూరాలకు ఇంకొకలా ఉంటుంది. పైగా లేజర్లు, రిసీవర్లు మారినప్పుడల్లా ఆ అంకె కూడా మారుతూ వచ్చింది. నేలలో పూడ్చిన గాజు మాత్రం పాతికేళ్ళు అక్కడే ఉంటుంది. చిక్కంతా ఇక్కడే పుట్టింది.

ఆకారం చెదిరే తీరు

ఫైబర్ అంటే అతి స్వచ్ఛమైన సిలికా గాజు పోగు. దూరాలకు వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుతురు నడిచే నడిమి భాగం, అంటే కోర్, 9 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. దాని చుట్టూ 125 మైక్రాన్ల వ్యాసం వరకు క్లాడింగ్ అనే మరో గాజు పొర, ఆపైన 250 మైక్రాన్ల వరకు రక్షణ పూత ఉంటాయి. గాజులోని మలినాలను తొలగిస్తే నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్ కంటే తక్కువకు దించవచ్చని, అప్పుడు దాన్ని టెలిఫోన్ సంకేతాలకు వాడుకోవచ్చని 1966లో చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ప్రతిపాదించారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాబర్ట్ మారర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ ఆ గీతను దాటి చూపించారు. కావోకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. 20 డెసిబెల్స్ నష్టమంటే కిలోమీటరు చివర నూటికి ఒక్క వంతు వెలుతురే మిగులుతుందని అర్థం. ఇవాళ్టి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్ మాత్రమే. అప్పట్లో ఒక్క కిలోమీటరులో పోయినంత వెలుతురు పోవడానికి ఇప్పుడు వంద కిలోమీటర్లు పడుతుంది. తిరుపతి, చిత్తూరుల మధ్య నష్టం 14 డెసిబెల్స్, జాయింట్లను కలుపుకుంటే ఇంకొంచెం. 2.5, 10 గిగాబిట్ల పరికరాలకు దారిలో యాంప్లిఫయర్ అక్కర్లేకుండానే భరించదగిన నష్టమిది.

బలం సంగతి అలా ఉండగా, ఆకారం ఎందుకు చెదురుతుందో చూద్దాం. అలిపిరి నుంచి తిరుమలకు నడిచే యాత్రికులను గుంపులు గుంపులుగా, గుంపుకూ గుంపుకూ కొంత ఎడమిచ్చి వదిలారనుకుందాం. ఒకే గుంపులోని వాళ్ళు కొందరు అలిపిరి మెట్ల దారిన, కొందరు శ్రీవారి మెట్టు దారిన వెళితే పైకి చేరే వేళలు వేరవుతాయి. కోర్ లావుగా ఉండే మల్టీమోడ్ ఫైబర్‌లో జరిగేది ఇది. అందుకే దాన్ని ఒక భవనంలోనో, ఒక క్యాంపస్‌లోనో తప్ప దూరాలకు వాడరు. అందరినీ అలిపిరి దారినే పంపినా సమస్య పూర్తిగా తీరదు. గాలిగోపురం దాటేసరికి చురుకుగా నడిచేవాళ్ళు ముందుకు పోతారు, నెమ్మదిగా నడిచేవాళ్ళు వెనకబడతారు. మొదటి గుంపు తోక రెండో గుంపు తలతో కలిసిపోతుంది. పైన నిలబడి గుంపులను లెక్కించే మనిషికి ఏ గుంపు ఎక్కడ ముగిసిందో అంతుపట్టదు. సింగిల్ మోడ్ ఫైబర్‌లో మిగిలే క్రొమాటిక్ డిస్పర్షన్ సరిగ్గా ఇదే. దారి ఒక్కటే, నడక వేగాలు వేరు.

నడక వేగాలు వేరవడానికి కారణం, గాజు వక్రీభవన గుణకం ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కోలా ఉండడం. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యాన్ని ఇస్తుంది కదా అని అడగవచ్చు. వెలుగుతూ ఊరకే ఉన్న మంచి లేజర్ విషయంలో అది దాదాపు నిజమే. కానీ సెకనుకు వెయ్యి కోట్ల సార్లు ఆ వెలుతురును మార్చడం మొదలుపెట్టిన మరుక్షణం దాని వెడల్పు పెరుగుతుంది. 10 గిగాబిట్ల సంకేతం 1550 నానోమీటర్ల దగ్గర సుమారు 0.08 నానోమీటర్ల వెడల్పును ఆక్రమిస్తుంది. సమాచారం మోసే వెలుతురు ఏదైనా ఒకే రంగులో ఉండలేదు; వేగం పెంచిన కొద్దీ ఆ వెడల్పు కూడా పెరుగుతుంది.

డిస్పర్షన్ కొలమానం అర్థమైతే తక్కిన లెక్క చేతిలోకి వస్తుంది. మామూలు ఫైబర్‌కు 1550 నానోమీటర్ల దగ్గర ఈ విలువ కిలోమీటరుకు, నానోమీటరుకు సుమారు 17 పికోసెకన్లు. అంటే సంకేతం వెడల్పు ఒక నానోమీటరు అయితే, కిలోమీటరు నడిచేసరికి దాని రెండు అంచుల మధ్య 17 పికోసెకన్ల తేడా వస్తుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. ఇప్పుడు చిత్తూరు దాకా లెక్కవేద్దాం: 17ను 70తోనూ, 0.08తోనూ గుణిస్తే 95 పికోసెకన్లు. 10 గిగాబిట్ల సంకేతంలో ఒక్కో బిట్‌కు దక్కే సమయం 100 పికోసెకన్లు. అంటే ప్రతి బిట్ దాదాపు తనంత మేర పక్క బిట్ మీదికి ఒరిగిపోతోందన్నమాట. 2.5 గిగాబిట్ల సంకేతానికి వెడల్పు 0.02 నానోమీటర్లు, చెదిరేది 24 పికోసెకన్లు, బిట్‌కు దక్కే సమయం 400. ఏ ఇబ్బందీ లేదు. 40 గిగాబిట్లకు వెడల్పు 0.32 నానోమీటర్లు, చెదిరేది 380 పికోసెకన్లు, బిట్ సమయం 25. ఒక బిట్ పదిహేను బిట్ల మీద పరుచుకుంటుంది.

వేగం నాలుగింతలైతే ఇబ్బంది పదహారింతలు అవుతోందని గమనించాలి. సంకేతం వెడల్పు నాలుగింతలు పెరిగింది, బిట్ సమయం నాలుగో వంతుకు తగ్గింది. రెండూ కలిసి పదహారు. ఈ వర్గ సంబంధమే 1990లలో ఇంజనీర్ల నిద్ర చెడగొట్టింది. 2.5 గిగాబిట్ల దగ్గర డిస్పర్షన్ వల్ల వచ్చే హద్దు వెయ్యి కిలోమీటర్ల దాకా ఉండేది. 10 దగ్గరకు వచ్చేసరికి అది 60 కిలోమీటర్ల చుట్టుపక్కలకు, 40 దగ్గర నాలుగు కిలోమీటర్లకు కుదించుకుపోయింది.

సున్నాను జరిపిన వాళ్ళు

ఒక పోగులో డిస్పర్షన్‌కు రెండు మూలాలున్నాయి. ఒకటి గాజు పదార్థానిది. సిలికాలో ఇది 1270 నానోమీటర్ల ప్రాంతంలో సున్నా అవుతుంది. రెండోది పోగు నిర్మాణానిది. వెలుతురు పూర్తిగా కోర్‌లోనే ఉండదు, కొంత క్లాడింగ్‌లోకి కూడా పాకుతుంది. ఎంత పాకుతుందన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది కాబట్టి వేగం కూడా మారుతుంది. ఈ రెండోది మొదటిదానికి ఎదురు దిశలో పనిచేస్తుంది. రెండూ కలిసి మామూలు ఫైబర్‌లో సున్నాను 1310 దగ్గరికి తెస్తాయి. అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ ప్రమాణాల్లో జి.652 అని పిలిచే ఈ ఫైబర్‌కు సున్నా 1300, 1324 నానోమీటర్ల మధ్య ఉండాలని నియమం.

ఇక్కడే పేచీ మొదలైంది. డిస్పర్షన్ లేనిది 1310 దగ్గర, నష్టం అతి తక్కువ 1550 దగ్గర. 1310 దగ్గర నష్టం కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్స్. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. పదార్థాన్ని మార్చడం కష్టం గాని, నిర్మాణం మన చేతిలోనే ఉంది: కోర్‌ను సన్నం చేసి, దాని వక్రీభవన గుణకాన్ని పెంచితే నిర్మాణపు వాటా పెరిగి, సున్నా 1310 నుంచి 1550కి జరుగుతుంది. 1980ల నడుమ వచ్చిన ఈ డిస్పర్షన్ షిఫ్టెడ్ ఫైబరే జి.653. తక్కువ నష్టం, సున్నా డిస్పర్షన్ ఒకే చోట. ఒక ఫైబర్ మీద ఒకే తరంగదైర్ఘ్యం పంపే కాలానికి ఇది అక్షరాలా ఉత్తమ పరిష్కారం. జపాన్ దీన్ని విరివిగా వేసుకుంది.

అంతలో ఎర్బియం యాంప్లిఫయర్ వచ్చింది. 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఇమ్మాన్యుయెల్ డెసుర్వీర్ బృందం దీన్ని చేసి చూపించాయి. ఎర్బియం కలిపిన కొన్ని మీటర్ల ఫైబర్‌లోకి శక్తినిచ్చే పంప్ లేజర్ వెలుతురు పెడితే, 1530 నుంచి 1565 నానోమీటర్ల మధ్య ఉన్న సంకేతాలన్నీ, ఎన్ని ఉంటే అన్నీ, ఒకేసారి బలపడతాయి. దాంతో ఒకే పోగు మీద ఎనిమిది, పదహారు, నలభై తరంగదైర్ఘ్యాలు పక్కపక్కనే పంపే డీడబ్ల్యూడీఎం పద్ధతి 1990ల నడుమ నుంచి వ్యాపారపరంగా గిట్టుబాటైంది. జి.653కు గ్రహపాటు మొదలైంది కూడా అప్పుడే.

గాజు వక్రీభవన గుణకం వెలుతురు తీవ్రతను బట్టి కూడా చాలా స్వల్పంగా మారుతుంది. 9 మైక్రాన్ల కోర్‌లోకి పలు లేజర్ల బలాన్ని కుక్కినప్పుడు ఆ స్వల్పమే చాలు. మూడు తరంగాలు కలిసి నాలుగోదాన్ని పుట్టిస్తాయి. దీన్ని ఫోర్ వేవ్ మిక్సింగ్ అంటారు. ఉదాహరణకు 193.1, 193.2, 193.3 టెరాహెర్ట్జ్‌ల దగ్గర సమాన దూరాల్లో మూడు ఛానెళ్ళు ఉన్నాయనుకుందాం. 193.2ను రెట్టింపు చేసి 193.1 తీసేస్తే 193.3 వస్తుంది. కొత్తగా పుట్టిన తరంగం సరిగ్గా మూడో ఛానెల్ నెత్తినే కూర్చుంటుంది. 193.1కి 193.3 కలిపి 193.2 తీసేస్తే మళ్ళీ 193.2, అది రెండో ఛానెల్ మీద. ఫిల్టర్ పెట్టి తొలగించుదామంటే అసలు సంకేతమూ, దొంగ సంకేతమూ ఒకే చోట ఉన్నాయి. మూడు ఛానెళ్ళకు ఇలాంటి కలయికలు 9, ఎనిమిదికి 224, నలభైకి 31,200.

డిస్పర్షన్ ఉన్న ఫైబర్‌లో ఈ బెడద ఎందుకు పెద్దగా కనిపించలేదంటే, వేర్వేరు ఛానెళ్ళు వేర్వేరు వేగాలతో పోతుంటాయి కాబట్టి వాటి దశల పొంతన, అంటే తరంగాల ఎత్తుపల్లాల వరస, కొద్ది దూరంలోనే తప్పుతుంది. ఒక చోట పుట్టిన దొంగ తరంగాన్ని ఇంకొంచెం ముందుకు పోయాక పుట్టినది రద్దు చేస్తుంది. డిస్పర్షన్ సున్నా అయితే అన్నీ కాళ్ళు కలిపి నడుస్తాయి, పుట్టిందల్లా పోగుపడుతుంది. పల్సుకు పీడకలైన డిస్పర్షనే పక్క ఛానెళ్ళ గొడవకు మందు అని పరిశ్రమకు ఇలా తెలిసింది. జి.653 వేసుకున్న చోట ఛానెళ్ళను అసమాన దూరాల్లో సర్దడం, లేదా 1570 నానోమీటర్లు దాటిన ఎల్ బ్యాండ్‌కు మారిపోవడం వంటి తిప్పలు పడవలసి వచ్చింది. మన దేశంలో తొలి నుంచీ జి.652నే ప్రధానంగా వేసుకుపోవడం వల్ల ఈ బాధ తప్పిందని నా అభిప్రాయం. ముందుచూపు అనాలో, కలిసొచ్చింది అనాలో చెప్పలేను.

కొంచెం ఉండనివ్వడం

దీనికి విరుగుడుగా 1990లలో వచ్చినవే జి.655 ఫైబర్లు. 1550 దగ్గర డిస్పర్షన్‌ను 17 మీద ఉంచకుండా, సున్నా మీద కూడా ఉంచకుండా, 2 నుంచి 6 మధ్య, సుమారు 4 దగ్గర నిలిపారు. ఫోర్ వేవ్ మిక్సింగ్‌ను అణచడానికి అది చాలు. 10 గిగాబిట్ల సంకేతాన్ని మాత్రం 60 కిలోమీటర్లకు బదులు 250 దాకా తీసుకుపోతుంది. కంపెనీల కేటలాగుల్లో తక్కువ డిస్పర్షన్ ఫైబర్ అంటే సాధారణంగా ఉద్దేశించేది ఈ కుటుంబాన్నే. లూసెంట్ వారి ట్రూవేవ్, కార్నింగ్ వారి లీఫ్ వీటిలో పేరుమోసినవి. తరవాత ఇంకొంచెం ఎక్కువ డిస్పర్షన్‌తో, ఇంకా వెడల్పైన తరంగదైర్ఘ్య పరిధి కోసం జి.656 వచ్చింది, ఆల్కాటెల్ టెరాలైట్ ఆ ఆలోచనకు ఉదాహరణ, దాని విలువ 8.

ట్రూవేవ్, లీఫ్ రెండూ జి.655లే అయినా ఒక తూకంలో రెండు వేర్వేరు వైపులకు మొగ్గాయి. సున్నాను జరపడానికి కోర్ సన్నం చేస్తే వెలుతురు ఇరుకు చోట చిక్కుకుంటుంది. తీవ్రత పెరిగి, ఏ బెడదను తప్పించుకోవాలనుకున్నామో అదే పెరుగుతుంది. వెలుతురు పరుచుకునే విస్తీర్ణం జి.652లో 80 చదరపు మైక్రాన్లు ఉంటే, జి.653లో 50 దగ్గర ఉండేది. కోర్ చుట్టూ కొంత ఎడమిచ్చి, వక్రీభవన గుణకం ఎక్కువగా ఉండే మరో వలయం చేర్చడం ద్వారా లీఫ్‌లో దాన్ని 72కు పెంచారు. దానికి చెల్లించిన మూల్యం డిస్పర్షన్ వాలు: తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ విలువ ఎక్కువ నిటారుగా పెరుగుతుంది. కాబట్టి 1530 దగ్గరి ఛానెల్‌కు ఒక సర్దుబాటు, 1565 దగ్గరి ఛానెల్‌కు ఇంకొక సర్దుబాటు కావాలి. ట్రూవేవ్‌లోని తరవాతి రకం ఒకటి వాలును సగానికి దించింది, విస్తీర్ణాన్ని మాత్రం 55 దగ్గరే వదిలేసింది. రెండూ ఒకేసారి సాధించడం గాజుతో కుదరలేదు.

జి.652 ఉన్నవాళ్ళు ఇంకో దారి పట్టారు. ప్రతి స్టేషన్‌లో డిస్పర్షన్‌ను రుణ విలువలోకి మళ్ళించే ప్రత్యేక ఫైబర్ చుట్టను పెట్టె రూపంలో బిగించారు. 80 కిలోమీటర్ల దారిలో నానోమీటరు వెడల్పుకు చేరిన 1,360 పికోసెకన్లను కొట్టివేయడానికి కిలోమీటరుకు రుణ 80 విలువగల ఫైబర్ 17 కిలోమీటర్లు చాలు. ఆ చుట్ట వల్ల వచ్చే నష్టాన్ని భరించడానికి యాంప్లిఫయర్‌ను రెండంచెలుగా కట్టి, మధ్యలో పెట్టెను ఇరికించేవారు. సొరుగులాంటి ఇనుప డబ్బాలో 17 కిలోమీటర్ల గాజు ఎక్కడికీ పోకుండా చుట్టుకుని కూర్చోవడం, వెలుతురు ఆ చుట్లన్నీ తిరిగి అదే గదిలోంచి బయటికి రావడం చూస్తే నవ్వు వచ్చేది. కాని ఒక దశాబ్దం పాటు దూరప్రాంత నెట్‌వర్కులు నడిచింది చాలావరకు ఈ డబ్బాల మీదే.

నగరం పరిధిలో లెక్క వేరు

ఇంతవరకు చెప్పుకున్నది వందల, వేల కిలోమీటర్ల సంగతి. మెట్రో అనే మాటను టెలికాంలో నగరం, దాని చుట్టుపక్కల పట్టణాలు కలిసిన పరిధికి వాడతారు. రేణిగుంట, శ్రీకాళహస్తి, శ్రీసిటీ, చిత్తూరులను తిరుపతితో ఒక వలయంగా కలిపితే అదొక మెట్రో నెట్‌వర్కు. ఇక్కడ యాంప్లిఫయర్లు తక్కువ, దూరాలు తక్కువ, కాని చివరి పరికరాల సంఖ్య ఎక్కువ. కాబట్టి ఖర్చును నిర్ణయించేది ఫైబర్ కంటే లేజర్ ధర.

చవకైన లేజర్‌లో బిట్లను సృష్టించడానికి దాని కరెంటునే పెంచి తగ్గిస్తారు. అలా చేసినప్పుడు వెలుతురు తీవ్రతతో పాటు రంగు కూడా కొద్దిగా కదులుతుంది. పల్సు ముందంచు నీలం వైపుకు, వెనకంచు ఎరుపు వైపుకు జరుగుతాయి. మామూలు ఫైబర్‌లో 1550 దగ్గర నీలం వైపు తరంగాలే వేగంగా పోతాయి. కనుక ముందంచు ముందుకూ, వెనకంచు వెనక్కూ సాగి పల్సు మొదటి కిలోమీటరు నుంచే పరుచుకుంటుంది. డిస్పర్షన్ గుర్తును తిరగేస్తే, అంటే రుణం చేస్తే, ముందంచు నెమ్మదిస్తుంది, వెనకంచు దాన్ని అందుకుంటుంది. పల్సు మొదట కుదించుకుని, తరవాత ఎప్పుడో పరుచుకుంటుంది. కార్నింగ్ మెట్రోకోర్ పేరిట తెచ్చిన ఫైబర్ ఇదే ఎత్తు మీద ఆధారపడింది. లేజర్‌లోని లోపాన్ని గాజులోని లోపంతో కొట్టివేయడం చాలా తెలివైన పని. కాని లేజర్ పక్కనే బయటి మాడ్యులేటర్‌ను చిప్ మీదే అమర్చడం చవకయ్యాక ఆ తెలివికి గిరాకీ తగ్గింది. ఒక తరం పరికరం కోసం పాతికేళ్ళ గాజును ఎంచుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదేనని నేననుకుంటాను.

చిప్‌లోకి మారిన భారం

2008, 2010 మధ్య 40, 100 గిగాబిట్ల కొహెరెంట్ పరికరాలు మార్కెట్లోకి రావడంతో లెక్కంతా తారుమారైంది. పాత రిసీవర్‌లోని ఫోటోడయోడ్ వెలుతురు తీవ్రతను మాత్రమే కొలిచేది, దశను పారవేసేది. డిస్పర్షన్ చేసేదేమో ప్రతి పౌనఃపున్యం దశను కచ్చితమైన సూత్రం ప్రకారం తిప్పడమే; అది దేన్నీ నాశనం చేయదు. దశ తెలిస్తే ఆ తిప్పుడును వెనక్కి తిప్పవచ్చు. కొహెరెంట్ రిసీవర్ తన సొంత లేజర్‌ను వచ్చిన వెలుతురుతో కలిపి తీవ్రతనూ, దశనూ, రెండు ధ్రువణాలనూ, అంటే వెలుతురు కంపించే రెండు దిశలనూ, పట్టుకుంటుంది. ఆ పైన ఒక చిప్ ఆ తిప్పుడును అంకెల్లోనే విప్పేస్తుంది. దూరప్రాంత మాడ్యూళ్ళు కొన్ని పదుల వేల పికోసెకన్ల డిస్పర్షన్‌ను ఇలా మింగగలవు. తిరుపతి నుంచి హైదరాబాదుకు జి.652 మీద 560 కిలోమీటర్లకు చేరేది 9,500 మాత్రమే.

పోగు తయారీలోని స్వల్ప అసమానతల వల్ల రెండు ధ్రువణాలు వేర్వేరు వేళల్లో చేరే మరో రకం డిస్పర్షన్‌ను కూడా ఆ చిప్పే సవరిస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ కేబుల్‌లా కరెంటు స్తంభాల మీద వేలాడే పోగుల్లో, గాలికి ఊగి, ఎండకు సాగి ఈ ధ్రువణాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. దాన్ని వెంటాడి సరిచేయడం గాజు వల్ల కాదు, చిప్ వల్లనే అవుతుంది.

దీని పర్యవసానం మొదట వింటే నమ్మబుద్ధి కాదు. చిప్ ఎంత డిస్పర్షన్ అయినా సరిచేయగలిగినప్పుడు, ఛానెళ్ళ మధ్య గొడవను అణచే డిస్పర్షన్ ఎక్కువ ఉండడమే మేలు. 4 విలువగల జి.655 కంటే 17 విలువగల సాదాసీదా జి.652 కొహెరెంట్ సంకేతాలకు మెరుగైన దారి. సబ్‌మెరైన్ కేబుళ్ళ కోసం పుట్టి, భూమార్గాలకు వచ్చిన జి.654.ఇ రకంలో విలువ 20 దాకా పోతుంది. విస్తీర్ణం 110 నుంచి 130 చదరపు మైక్రాన్లు, నష్టం కిలోమీటరుకు సుమారు 0.17 డెసిబెల్స్. హైదరాబాదు దాకా వేసుకుంటే నష్టంలో తేడా 17 డెసిబెల్స్ అవుతుంది. ఒక యాంప్లిఫయర్ స్టేషన్ మొత్తం మిగిలినట్టే. తక్కువ డిస్పర్షన్ కోసం ఒకప్పుడు ఎక్కువ డబ్బు పోసిన చోట, ఇప్పుడు తక్కువ నష్టం కోసం పోస్తున్నారు.

నగరాల పరిధిలో కూడా అదే ధోరణి. 2020లో ప్రమాణంగా వచ్చిన 400 గిగాబిట్ల 400జెడ్‌ఆర్ మాడ్యూల్ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, యాంప్లిఫయర్లతో 120 కిలోమీటర్లు పోతుంది. దానికి డిస్పర్షన్ పరంగా చిత్తూరు సమస్యే కాదు. కాని యాంప్లిఫయర్ లేకుండా అది భరించే నష్టం 11 డెసిబెల్స్ మాత్రమే. 70 కిలోమీటర్ల 14 డెసిబెల్స్ దానికి మించిన బరువు. 10 గిగాబిట్ల కాలంలో ఆకారం దగ్గర ఆగిపోయిన దారి, 400 దగ్గర బలం చాలక ఆగిపోతోంది.

పాత తప్పు మాత్రం ఇంకో చోట తలెత్తింది. డేటా సెంటర్లలో పది కిలోమీటర్ల లోపు దూరాలకు నాలుగు తరంగదైర్ఘ్యాలను 1295, 1310 నానోమీటర్ల మధ్య పక్కపక్కనే పంపుతారు. కొహెరెంట్ ఖర్చు పెట్టకుండా, జి.652లో సున్నా డిస్పర్షన్ అక్కడే ఉంది కదా అని. ఒక్కో తరంగదైర్ఘ్యం మీద వంద, రెండు వందల గిగాబిట్లు పెట్టడం మొదలయ్యాక, 1990లలో జపాన్ ఎదుర్కొన్న ఫోర్ వేవ్ మిక్సింగ్ ఇప్పుడు 1310 దగ్గర ఎదురవుతోంది.

నేలలో ఏముందో తెలుసుకోవడం

2000 ప్రాంతంలో పూడ్చిన కొన్ని దూరప్రాంత మార్గాల్లో జి.655 ఉంది, తరవాత పూడ్చినవాటిలో ఎక్కువగా జి.652.డి ఉంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కేబుల్ తెగితే, అందుబాటులో ఉన్న కేబుల్ ముక్కతో జాయింట్ కొట్టి సర్వీసు పునరుద్ధరించడం సహజం. రెండు రకాల పోగులూ బయటి వ్యాసంలో ఒక్కటే, రంగుల వరస ఒక్కటే: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ... స్ప్లైసింగ్ మెషీన్ కూడా అభ్యంతరం చెప్పదు. చేతిలో పట్టుకుని చూస్తే తేడా తెలియదు.

పల్సు పంపి, వెనక్కి చెదిరి వచ్చే వెలుతురును బట్టి దారి పొడవునా నష్టాన్ని గీతగా చూపే ఓటీడీఆర్ పరికరంలో మాత్రం ఒక వింత కనబడుతుంది. జి.652 నుంచి జి.655లోకి పోయే జాయింట్ దగ్గర గీత కిందికి పడడానికి బదులు పైకి లేస్తుంది, నష్టం కాక లాభం వచ్చినట్టుగా. వెలుతురు ఇరుకైన కోర్‌లోకి పోయినప్పుడు వెనక్కి తిరిగి వచ్చే చెదురు వెలుతురు ఎక్కువ పట్టుబడడమే దీనికి కారణం. నిజంగా లాభమేమీ లేదు. అవతలి చివర నుంచి కొలిస్తే అదే జాయింట్ అసలు కంటే ఎక్కువ నష్టం చూపుతుంది. ఒక వైపు 0.15 లాభం, ఇంకో వైపు 0.35 నష్టం కనబడితే అసలు నష్టం ఆ రెండింటి సగటు, 0.10 డెసిబెల్స్. ఒక వైపు నుంచే కొలిచి సంతకం పెట్టిన రిపోర్టులో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

తిరుపతి నుంచి చెన్నైకి సుమారు 140 కిలోమీటర్ల డార్క్ ఫైబర్‌ను, అంటే పరికరాలు బిగించని ఖాళీ పోగును, ఎవరైనా లీజుకు తీసుకుంటున్నారనుకుందాం. ఆ నగరంలోనే సబ్‌మెరైన్ కేబుళ్ళ స్టేషన్లు ఉన్నాయి కాబట్టి ఈ దారికి గిరాకీ ఎక్కువ. ఇలాంటప్పుడు ఓటీడీఆర్ రిపోర్టుతో పాటు మొత్తం దారి డిస్పర్షన్ కొలత కూడా అడగాలి. 1550 దగ్గర అది 2,380 పికోసెకన్ల చుట్టూ వస్తే దారంతా జి.652; 560 వస్తే దారంతా 4 విలువగల జి.655. 820 వచ్చిందనుకుందాం. 560ను తీసేస్తే మిగిలేది 260. రెండు రకాల మధ్య కిలోమీటరుకు తేడా 13. కాబట్టి దారిలో ఎక్కడో 20 కిలోమీటర్ల మేర రకం మారింది. అది ఎక్కడో రెండు వైపుల ఓటీడీఆర్ గీతలను పక్కపక్కన పెట్టి, లాభం కనిపించిన జాయింట్ల దూరాలను రాసుకుంటే తెలుస్తుంది. పాత 10 గిగాబిట్ల పరికరాలు ఇంకా నడుపుతున్నవారైతే, డిస్పర్షన్ సవరించే పెట్టెలను దారంతా ఒకే రకమన్న లెక్కన కాకుండా ఈ 820 లెక్కన సర్దుకోవాలి.